గేటు దగ్గర నవ్వు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై నాలుగో ఏట, మా ఆయన పోయిన మరుసటేడు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోయి ఉంటే మీరే ఎత్తి పెట్టుకుని చదవండి. రోజుకి పేజీన్నర దాటి నా చెయ్యి నడవదు. పోయినవారం భాగం పొట్టిదైంది అందుకే. ఈసారి నాలుగు రోజులు ముందే కూర్చున్నాను.

కథ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను. ఆ ఇంటి పెద్దకొడుకు ఫ్యాక్టరీ గోడౌనులో ఉద్యోగి. తన కారుకి ఉన్న బ్రేకులు చాలవనిపించి, పెద్ద డిస్కులూ పెద్ద కాలిపర్లూ పార్సిల్లో తెప్పించాడు. కాలిపర్ అంటే మరేం కాదు, చక్రంతో తిరిగే డిస్కుని రెండు వైపులా అదిమి ఆపే ఇనప పిడికిలి. ఫోనులో వీడియో చూస్తూ, ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి దీపాలవేళకి అన్నీ తనే బిగించాడు. ఆ తర్వాత వారం రోజులు కారు తనొక్కడే నడిపాడు. ఎనిమిదోరోజు తమ్ముడి మోటారు సైకిలు పంక్చరైంది. తమ్ముడు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. అతన్ని సబ్‌స్టేషన్‌లో దింపి రమ్మని పెద్దకోడలికి తాళం ఇచ్చారు. షెడ్డు దగ్గరనుంచి గేటుదాకా వాలు. మరిది ముందు నడిచి వెళ్ళి గేటు గడియ మీద చెయ్యి వేశాడు. ఆమె బ్రేకు తొక్కింది. పెడలు నేలకంటింది. మరిది కుడికాలు కారుకీ గేటు స్తంభానికీ మధ్య పడింది. మోకాలి కిందికి తీసేశారు.

ఆ సాయంత్రం పెద్దకొడుకు అదే కారెక్కి షెడ్డునుంచి గేటుదాకా నడిపి, ఠక్కున ఆపి చూపించాడు. "బ్రేకు భేషుగ్గా ఉంది. తొక్కాల్సింది తొక్కకపోతే బ్రేకేం చేస్తుంది?" అన్నాడు. అంతే. ఆ మాటతో కేసు తేలిపోయింది. మరిది కాలు తీసింది కోడలు.

అది జరిగి రెండు నెలలు. ఈ రెండు నెలల్లో మరిది ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇక ఈ ఆదివారం సంగతి.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టు."

"పట్టాను."

"వదలకు... వదలకు... ఆఁ, వదులు."

తొమ్మిది గంటలనుంచి ఇదే పాట. పెద్దకొడుకు ముందు చక్రం పక్కన గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. కోడలు డ్రైవరు సీట్లో కూర్చుని, చెప్పినప్పుడల్లా తొక్కుతోంది. ఆమె తొక్కిపట్టినప్పుడు ఆయన కాలిపర్‌కి ఉన్న చిన్న నిపుల్ ఒకటి వదులు చేస్తాడు. దానికి తగిలించిన గొట్టంలోంచి బ్రేకు ఆయిలు సీసాలోకి కారుతుంది. ఆయిలుతోపాటు లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి రావాలి. అప్పుడే పెడలు గట్టిపడుతుంది. ఆయిలు వస్తోంది. బుడగ ఒక్కటీ రావడం లేదు. పెడలు మాత్రం నానిన అట్టముక్కలా దిగబడుతూనే ఉంది.

"మూడు డబ్బాలు పోశాను," అన్నాడు ఆయన కారు కిందనుంచి. "నీ కాలుకి బుద్ధుంటేగా. నేను నిపుల్ బిగించకముందే వదిలేస్తున్నావు. గాలి మళ్ళీ లోపలికి పోతోంది."

"మీరు వదలమన్నాకే వదిలానండీ."

"నేను అబద్ధమాడుతున్నానా అయితే?"

ఆమె పాదం మళ్ళీ పెడలుమీద పెట్టింది. మోకాలు లాగుతోంది. ఈ సీట్లో మళ్ళీ కూర్చోగలనని ఆమె అనుకోలేదు. కానీ ఈవేళ కారు కొనేవాడు వస్తున్నాడు. 'ఆ పాడు బండి నా గుమ్మంలో ఉండకూడదు' అని అత్తగారు పట్టుబట్టింది. కొనేవాడు వచ్చేలోగా పెడలు గట్టిపడాలి.

అత్తగారు వరండా మెట్టుమీద కూర్చుని పాత దుప్పటి చింపుతోంది, చిన్నకొడుకు కాలికి చుట్టడానికి. ఇంత వెడల్పు పెట్టుకుని, పంటితో గాటు పెట్టి, బర్రున లాగుతోంది. ఒక్కో పేలికా ఒళ్ళో పడేసుకుని ఇంకోటి అందుకుంటోంది.

"దాని కాలుతో ఎందుకురా తొక్కిస్తావు?" అంది కొడుకుతో. "ఒకసారి తొక్కి ఒక కాలు తీసింది. ఇప్పుడు కారు కింద నువ్వున్నావు. నీ తల కూడా తీసేస్తుందేమో చూసుకో."

"ఇంజను ఆపే ఉందిలేమ్మా."

"దానికి ఇంజను కావాలేంట్రా? వ్యాను డ్రైవరు కూతురు."

ఇది అత్తగారికి ఇష్టమైన మాట. కోడలి తండ్రి ముప్పై ఏళ్ళు పాల వ్యాను నడిపాడు. ఒక్క కుక్కపిల్లని కూడా గుద్దలేదు. కూతురికి పదిహేనో ఏట స్టీరింగు పట్టించాడు. పెళ్ళై వచ్చాక ఆరేళ్ళు ఈ ఇంటి కారు ఎక్కువగా నడిపింది ఆమే. అత్తగారిని కంటి ఆపరేషనుకి తీసుకెళ్ళిందీ ఆమే, తెచ్చిందీ ఆమే. అప్పుడు 'మా కోడలు కారు నడిపితే ఒళ్ళో నీళ్ళు తొణకవు' అని వీధంతా చెప్పిన నోరే ఇది.

షెడ్డుకి ఎదురుగా మరిది గది కిటికీ. ఒక రెక్క తెరిచి ఉంది. అతను మంచంమీద ఉన్నాడని ఆమెకి తెలుసు, అన్నీ వినబడతాయనీ తెలుసు. కిటికీ వైపు చూడకుండా ఉండటానికి ఆమె స్టీరింగు మధ్యన ఉన్న గీత వైపు చూస్తూ కూర్చుంది.

ఆమెని నిద్రలోంచి లేపేది ఆ రోజు విన్న చప్పుడు కాదు. నవ్వు. కారు షెడ్డులోంచి కదిలినప్పుడు మరిది గేటు దగ్గర వెనక్కి తిరిగి ఆమెని చూసి నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ఆ ఇంట్లో ఆమెని మనిషిగా చూసినవాడు అతనొక్కడే. ఆ చూడటమంతా ఆటపట్టించడంలోనే. టీలో ఉప్పు కలిపేవాడు. చెప్పులు ఒకటి దాచేసి ఒకటి వదిలేవాడు. ఒకసారి పప్పు డబ్బాలో రబ్బరు బల్లిని పెడితే ఆమె వేసిన కేకకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అలాంటివాడు తనమీద నమ్మకంతో నవ్వుతూ నిలబడితే, తన కాలు తప్పు చోట పడింది. అలా అని తనకి తనే చెప్పుకుంది. ఇంటిల్లిపాదీ రెండు నెలలు ఒకే మాట అంటుంటే, చివరికి మన కాలు ఎక్కడ పడిందో మనకే అనుమానం వస్తుంది.

"తొక్కు," అన్నాడు ఆయన మళ్ళీ.

పదకొండింటికి కొనేవాడు వచ్చాడు. దెబ్బతిన్న కార్లు కొని బాగుచేసి అమ్ముకునే ముసలి మెకానిక్కు. అందరూ చెవుల మేస్త్రి అంటారు. చెవులు నిజంగానే పెద్దవి, పైగా ఇంజను చప్పుడు విని అందులో ఏ బోల్టు వదులుగా ఉందో చెబుతాడని పేరు. గేటు దగ్గర ఒక నిమిషం ఆగాడు. స్తంభం మీద పెచ్చు లేచిన చోట వేలితో తడిమాడు. తర్వాత లోపలికి వచ్చాడు.

"బ్రేకులు కొత్తవిలా ఉన్నాయే," అన్నాడు చక్రం సందులోంచి చూస్తూ. "ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు పెద్దకొడుకు. చేతులు తుడుచుకుంటున్నవాడల్లా కాస్త నిటారుగా నిలబడ్డాడు. "ఫోనులో అంతా ఉంటుంది మేస్త్రీ. ఈ రోజుల్లో మెకానిక్కుల అవసరమే లేదు."

"నిజమే సారూ. ఫోనులో చూసి పురుడు పోసినవాళ్ళ గురించి కూడా విన్నాను. మీరు నయం, ఇనుముతో సరిపెట్టుకున్నారు." మేస్త్రి మొహంలో నవ్వు లేదు. "ఒకసారి గేటుదాకా నడిపి ఆపండి."

కోడలు గబగబా దిగింది. పెద్దకొడుకు ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రి డ్రైవరు తలుపు మూయనివ్వలేదు. "చప్పుడు వినాలి సారూ," అని తలుపు పట్టుకుని కారు పక్కనే నడిచాడు. కారు వాలులో మెల్లగా దిగింది, గేటుకి రెండడుగుల ముందు ఆగింది. మేస్త్రి కళ్ళు కింద ఉన్నాయి.

"ఊఁ," అన్నాడు. "వెనక్కి తీసుకెళ్ళండి. ముందు చక్రం విప్పుదాం."

చక్రం విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. మేస్త్రి మోకాళ్ళమీద కూర్చుని కాలిపర్ చుట్టూ వేళ్ళు పోనిచ్చాడు. పైన తడిమాడు, కింద తడిమాడు. రెండో పక్క చక్రం కూడా విప్పించాడు. అక్కడా అంతే చేశాడు. తర్వాత లేచి చేతులు దులుపుకున్నాడు.

"అమ్మా," అన్నాడు కోడలితో, "మంచినీళ్ళ సీసా ఒకటి తెస్తావా?"

తెచ్చింది. సగం నీళ్ళున్నాయి. దాహానికనుకుంది. ఆయన తాగలేదు. సీసాని నిటారుగా పట్టుకున్నాడు.

"మూత పైకి ఉంది. ఇప్పుడు మూత తీసి సీసాని నొక్కితే ముందు ఏం బయటికి వస్తుంది?"

"గాలి," అంది ఆమె.

సీసాని తలకిందులు చేశాడు. నీళ్ళు మూతవైపు దిగాయి, గాలి పైకెక్కి కూర్చుంది. "ఇప్పుడో?"

"నీళ్ళు."

"గాలి?"

"లోపలే ఉండిపోతుంది."

"అంతే." సీసా ఆమెకి ఇచ్చేశాడు. "సారూ, ఎడమవైపు వేయాల్సింది కుడివైపు వేశారు. కుడిది ఎడమకి. బోల్టులు రెండు వైపులా ఒకేలా కూర్చుంటాయి, అందుకని మీకు అడ్డు తగల్లేదు. కానీ గాలి తీసే నిపుల్ పైన ఉండాల్సింది కిందికి వచ్చింది. బుడగ మేడమీద కూర్చుంటే మీరు కింద తలుపు తీసి రమ్మంటున్నారు. మూడు డబ్బాలు కాదు, ట్యాంకరు పోసినా రాదు. బిగించిన రోజునుంచి ఆ గాలి లోపలే ఉంది."

వరండాలో దుప్పటి చింపే చప్పుడు ఆగింది.

కోడలికి కాసేపు ఏమీ వినబడలేదు. బిగించిన రోజునుంచి. ఆ మాట ఒక్కటే చెవిలో తిరిగింది. అంటే ఆ పొద్దున కూడా. తన కాలు పడాల్సిన చోటే పడింది. పెడలు దిగబడింది ఆ గాలివల్ల. కారు బానెట్ మీద చెయ్యి ఆనించుకుంది. రెండు నెలల్లో మొదటిసారి ఊపిరి అడుగుదాకా వెళ్ళింది.

పెద్దకొడుకు మొహం సున్నం కొట్టినట్టయింది. కానీ నోరు త్వరగానే తేరుకుంది.

"పార్సిలు డబ్బామీద సరిగ్గా రాయలేదు మేస్త్రీ. ఎడమ ఏదో కుడి ఏదో ఎవడికి తెలుస్తుంది? తెలియక జరిగింది. నేనేమైనా కావాలని చేశానా?" భార్య వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. "చూశావుగా. తెలిస్తే నేను నిన్ను ఎక్కనిస్తానా? నాకూ తెలియదు. మన టైము బాగాలేదు, అంతే."

ఆమె ఆయన వైపు చూడలేదు. కింద, ఆయన కాలి వైపు చూస్తోంది.

ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అత్తగారు బకెట్టూ చీపురూ చేతికిచ్చి, 'నువ్వు చేసింది నువ్వే కడుగు' అంది. ఆమె గేటు దగ్గర నేలమీద కూర్చుని రక్తం కడుగుతోంది. ఆయన కారు నడుపుకుంటూ వచ్చి ఆమెకి మూరెడు దూరంలో ఆపాడు. తలుపు తెరిచే ఉంది. నేలమీద కూర్చున్న మనిషికి డ్రైవరు మొహం కనిపించదు, కాలే కనిపిస్తుంది. ఆ కాలు పెడలుని ఒకసారి చప్పున తొక్కి, వదిలి, రెండోసారి తొక్కింది. అప్పుడే కారు ఆగింది. దానికి ముందు వారంలో ఒకసారి ఆయన పక్క సీట్లో బజారుకి వెళ్ళినప్పుడు కూడా ఆ కాలు ప్రతి మలుపులో అలాగే రెండుసార్లు పడింది. కొత్త అలవాటేమో అనుకుంది.

"తెలియకపోతే," అంది ఆమె, "రెండుసార్లు ఎందుకు తొక్కుతున్నారు?"

"ఏంటి?"

"మీరు బ్రేకు ఎప్పుడూ రెండుసార్లు తొక్కుతారు. మొదటిసారి నేలకంటుందనీ, వెంటనే మళ్ళీ తొక్కితే పట్టుకుంటుందనీ తెలియకపోతే, రెండుసార్లు ఎందుకండీ?"

"అదీ... ఒట్టి అలవాటు."

"ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఈ అలవాటు లేదు. కొత్త బ్రేకులు వేశాకే వచ్చింది."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఇందాక కూడా రెండుసార్లే సారూ. నేను వింటానన్నాను గానీ, చూశాను."

పెద్దకొడుకు అటూ ఇటూ చూశాడు. కిటికీ వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. మూలకి తరిమితే పిల్లి ఎలా ఎగురుతుందో అలా ఎగిరింది అతని గొంతు.

"నేనేం దాచలేదు! చెప్పమన్నాను! ఆ పొద్దున డ్యూటీకి వెళ్తూ స్పష్టంగా చెప్పమని—"

"నోరు ముయ్యరా!"

అత్తగారు లేచి నిలబడింది. ఒళ్ళోని పేలికలన్నీ మెట్లమీద పడ్డాయి.

"ఎవరికి చెప్పమన్నారు?" అంది కోడలు.

పెద్దకొడుకు వంగి గోనెసంచి చుట్టసాగాడు.

"ఎవరికి చెప్పమన్నారండీ?"

మరిది గది కిటికీ రెక్క మూసుకుంది. గాలి లేదు. లోపలినుంచి ఎవరో లాగితేనే అది మూసుకుంటుంది.

మేస్త్రి చక్రాలు మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. పెద్దకొడుకు ఇచ్చాడు. మేస్త్రి దాన్ని తీసుకుని కోడలి చేతిలో పెట్టాడు.

"రేపు వచ్చి పక్కలు మారుస్తాను. అప్పటిదాకా ఈ బండిని అంగుళం కదపకండి. ఒక్కోసారి రెండోసారి తొక్కినా అందదు. తాళం ఎవరికిస్తున్నానో చూసుకునే ఇస్తున్నాను." గేటు దాటుతూ మళ్ళీ ఆగాడు. "అమ్మాయ్. నీ కాలు తప్పు కాదు. ఆ ముక్క ఎవరైనా చెప్పారో లేదోనని చెబుతున్నాను."

ఆయన వెళ్ళాక అత్తగారు కోడలి దగ్గరికి వచ్చింది. తిట్టడానికి కాదు. అలా వచ్చి ఉంటే కోడలు తట్టుకునేది. చాలా నెమ్మదిగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు మాట్లాడింది.

"విన్నావుగా. తెలిసిందిగా. ఇక్కడితో మింగెయ్యి."

"అత్తయ్యా—"

"నాకు ఇద్దరు కొడుకులు. ఒకడికి కాలు పోయింది. ఇంకొకడికి పరువు కూడా పోవాలా? అన్నదమ్ములు మొహమొహాలు చూసుకోకుండా పోవాలా? నువ్వు బయటినుంచి వచ్చినదానివి. నీకెవరూ పోలేదు, నీదేమీ విరగలేదు. రెండు నెలలు మోశావు, బరువు అలవాటైంది. ఇంకొంతకాలం మొయ్యి. నీకేం తరుగుతుంది?"

"నా మాట తరుగుతుంది అత్తయ్యా. నేను మనిషిని."

అత్తగారు ఆమె పాదాల వైపు చూసింది. తీరుబడిగా చూసింది.

"రెండు కాళ్ళూ ఉన్నాయిగా," అంది. "ఇంకా ఏం కావాలి?"

మెట్లమీద పడిన పేలికలు ఏరి, దులిపి, మడిచి, కోడలి చేతిలో పెట్టింది. "పన్నెండు కావస్తోంది. వాడికి కట్టు మార్చు."

రోజూ పన్నెండింటికి కట్టు మార్చేది కోడలే. అది శిక్షగా ఇచ్చిన పని. ఆమె శిక్షగానే తీసుకుంది. వేడినీళ్ళ గిన్నె, దూది, పేలికలు పట్టుకుని వెళ్ళడం, అతను గోడవైపు తిరిగి పడుకోవడం, ఆమె కట్టు విప్పడం, తుడవడం, మళ్ళీ చుట్టడం. ఒక్క మాట ఉండదు. ఆ మౌనం తనకి పడాల్సిందేనని ఆమె రోజూ అనుకునేది. ఒకసారి కట్టు చుడుతూ, 'నన్ను తిట్టు బాబూ, కొట్టు, ఏదో ఒకటి అను' అని ఏడ్చింది. అప్పుడూ అతను తిరగలేదు.

ఈవేళా గిన్నె బల్లమీద పెట్టింది. తాళంచెవి ఇంకా ఎడమ పిడికిట్లోనే ఉంది. మూసిన కిటికీ సందులోంచి ఎండ సన్నగా మంచంమీద పడింది. గోడకి ఆనించి రెండు చంకకర్రలు. చిలక్కొయ్యకి లైన్‌మన్ బెల్టు, నడుముకి చుట్టుకుని స్తంభమెక్కేది, ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆమె కట్టు విప్పింది. తుడిచింది. కొత్త పేలిక అందుకుంది.

"వదినా."

రెండు నెలల తర్వాత మొదటి మాట. ఈ మాట వినబడితే వెక్కి వెక్కి ఏడుస్తాననుకుంది. కన్నీళ్ళు రాలేదు.

"అన్నయ్య చెప్పమంది నాకే," అన్నాడు గోడతో.

ఆమె చుట్టడం ఆపలేదు. ఒక చుట్టు. ఇంకో చుట్టు.

"ఆ పొద్దున డ్యూటీకి వెళ్తూ అన్నాడు. 'పెడలు మొదట దిగబడుతోంది, ఆదివారం చూస్తాను, మీ వదినని రెండుసార్లు తొక్కమని చెప్పు' అన్నాడు."

"నువ్వు?"

"చెప్పలేదు."

"మర్చిపోయావా?"

మర్చిపోయానని అనమని ఆమె లోపల ఎవరో బతిమాలుతున్నారు. మర్చిపోయానను బాబూ. ఆ ఒక్క అబద్ధం చాలు. నేను నమ్ముతాను.

"లేదు," అన్నాడు. "గుర్తుంది. కావాలనే చెప్పలేదు. బ్రేకు నేలకంటగానే నువ్వు కెవ్వుమంటావని. ఆ రబ్బరు బల్లికి అరిచినట్టు. సబ్‌స్టేషన్‌దాకా దారంతా ఏడిపించొచ్చని. బండి మెల్లగానే వస్తుంది కదా, గేటు తీసేసి పక్కకి దూకుదామనుకున్నాను. గడియ బిగుసుకుపోయింది వదినా. లాగుతూ ఉండిపోయాను. ఇంతలో..."

"అందుకా నవ్వావు?"

అతను దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. దుప్పటి కింద భుజం కదిలింది.

రెండు నెలలుగా కళ్ళు మూస్తే కనిపించిన ఆ నవ్వు, ఆ పళ్ళు. తనమీద నమ్మకం అనుకున్నది. ఆ నవ్వుని తలుచుకుని ఆమె ఎన్ని రోజులు అన్నం దగ్గరనుంచి లేచిపోయిందో లెక్కలేదు.

"అత్తయ్యకి తెలుసా?"

"ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే చెప్పాను. 'నువ్వు నోరెత్తకు, దానిమీదే ఉండనీ' అంది. అన్నయ్యతో కూడా అమ్మే మాట్లాడింది. నాకు... నిన్ను చూస్తే నోరు రాలేదు వదినా. నువ్వు రోజూ వచ్చి కట్టు కడుతుంటే చచ్చిపోయేవాణ్ణి. నన్ను క్షమించు. ఎవరికీ చెప్పకు. నా స్నేహితులు, ఆఫీసువాళ్ళు అందరూ నీవల్లేనని... నేనే చేసుకున్నానని తెలిస్తే నా మొహం చూడరు. నువ్వు మంచిదానివి. నువ్వు భరిస్తావు."

నువ్వు భరిస్తావు. అదే మాట. తల్లి అన్నదే, కొంచెం చక్కెర కలిపి.

ఇంట్లో నలుగురు మనుషులు. ముగ్గురికి మొదటిరోజునుంచి తెలుసు. ముగ్గురూ ఒకే బల్లమీద ఆమె వండింది తిన్నారు. ముగ్గురూ ఆమె కడిగిన గ్లాసులతో నీళ్ళు తాగారు.

ఆమె కట్టు చివరిదాకా చుట్టింది. ఎక్కువ బిగించలేదు, తక్కువ బిగించలేదు. కొసని లోపలికి మడిచి పిన్ను పెట్టింది. వేలితో ఒకసారి తడిమి చూసింది, ముడత పడలేదు కదా అని. గిన్నె బల్ల కిందికి తోసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత గోడకి ఆనించిన చంకకర్రలు రెండూ తీసుకొచ్చి మంచానికి ఆనించింది.

"లే బాబూ," అంది.

గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. అతను తల తిప్పి చూశాడు. రెండు నెలల్లో మొదటిసారి మొహంలోకి చూశాడు.

"ఎక్కడికి వదినా?"

ఆమె ఎడమ పిడికిలి తెరిచింది. తాళంచెవి అరచేతిలో ఎర్రగా అచ్చు వేసింది.

"షెడ్డులోంచి బండి తీస్తున్నాను," అంది. "నువ్వు ముందు నడు. గేటు తీద్దువుగాని."

అతను గోడవైపుకి జరిగాడు. ఆమె వంగి, చంకకర్ర అతని చేతికి అందించి, వేళ్ళు దానిచుట్టూ ఒక్కొక్కటే మూసింది. ఆమె మొహం అతని మొహానికి బెత్తెడు దూరంలో ఉంది.

నవ్వుతోంది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

— తాయారమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది మా చిన్నమ్మాయి ఇంట్లో, బస్సుల డిపో వెనక వీధి, మేడమీది గది.